నాలుగు కొత్త పార్టులు, తీరని ఇబ్బంది: ఒక ఇంటి కంప్యూటర్ కేసు

ఇళ్లలో వాడే కంప్యూటర్లను బాగుచేయడం, అప్‌గ్రేడ్ చేయడం నా వృత్తి. ఈ కేసులో కొత్తగా కొన్న పార్టుల్లో ఒక్కటి కూడా పాడైనది కాదు. అన్నీ మంచివే. అయినా అవి వేశాక కంప్యూటర్ ముందుకన్నా అధ్వానంగా తయారైంది. ఏ ఇబ్బంది తీరాలని అవన్నీ కొన్నారో అది మాత్రం అలాగే మిగిలింది. దాని మూలం తెలుసుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. అందులో సగానికి పైగా నేను ఒక ప్రశ్న అడగకపోవడం వల్ల పోయిన రోజులే. అందుకే దీన్ని వివరంగా రాసిపెడుతున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయన పాఠాలు ఇంట్లోనే రికార్డు చేసి, స్వయంగా ఎడిట్ చేసుకునే అధ్యాపకుడు. కంప్యూటర్ ఆరేళ్ల కిందటిది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ (ప్రాసెసర్‌కు, మిగతా పార్టులకు మధ్య దారులిచ్చే చిప్పు) ఉన్న మదర్‌బోర్డు, 8 జీబీ స్టిక్కులు రెండు, విండోస్ కోసం 250 జీబీ సాటా (కేబుల్‌తో తగిలించే పాత పద్ధతి) ఎస్‌ఎస్‌డీ, పాఠాలన్నీ దాచుకునే హార్డ్‌డిస్క్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల పవర్ సప్లై. ఇన్నేళ్లూ ఏ పేచీ పెట్టకుండా పనిచేసింది.

కొన్ని నెలలుగా ఎడిటింగ్ కష్టమైంది. టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చుకునే పట్టీలో) వీడియో ప్లే చేస్తే ఆగి ఆగి నడుస్తోంది. కంప్యూటర్ పాతబడిందని అనుకున్నారు. రెండు నెలల్లో 1 టీబీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డుకే గుచ్చే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, ఇంకో రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, 4కే మానిటర్ కొన్నారు. మాటిమాటికీ క్యాబినెట్ విప్పడం ఎందుకని, నాలుగూ చేరేదాకా ఆగి, ఒకే ఆదివారం కాలేజీలో చదివే వాళ్లబ్బాయి అన్నీ బిగించాడు. పని శుభ్రంగా చేశాడు. కేబుళ్లు పొందికగా కట్టాడు, స్క్రూలు ఒక్కటీ తక్కువ లేవు.

వచ్చిన ఫిర్యాదులు

నేను వెళ్లేసరికి ఇంట్లో వాతావరణం బరువుగా ఉంది. పాఠాలున్న హార్డ్‌డిస్క్ కనిపించడం మానేసింది. కంప్యూటర్ రోజుకు ఒకటి రెండుసార్లు దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. కొత్త మానిటర్‌లో మౌస్ బాణం సాగుతున్నట్టు కదులుతోంది. టైమ్‌లైన్ ఎప్పటిలాగే ఆగి ఆగి నడుస్తోంది.

"ఇంత ఖర్చు పెట్టి ఉన్నదాన్ని చెడగొట్టుకున్నామా అండీ?" అన్నారాయన. అబ్బాయి మాత్రం ఆయన పక్కగదిలోకి వెళ్లేదాకా ఆగి అడిగాడు: "అంకుల్, ఆ డిస్క్ నా చేతుల్లోనే పోయిందా? నాన్న ఆరేళ్ల పాఠాలు అందులోనే ఉన్నాయి."

ఆ మాట విన్నాక ఏది ముందు చూడాలన్న ప్రశ్నే లేదు. రీస్టార్ట్ ఎంత చిరాకు పెట్టినా దానికి ఒకరోజు ఆగవచ్చు. డిస్క్‌కు ఆగలేం. పైగా రీస్టార్ట్ అవుతున్న యంత్రంలో డేటా ఉన్న డిస్క్‌ను తగిలించి ప్రయోగాలు చేయడం ప్రమాదం. కాబట్టి డిస్క్ ఊడదీసి, నా ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలించాను. వెంటనే కనిపించింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. మరేదీ ముట్టకుండా మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ పెట్టాను. ఆ కాపీ పూర్తయ్యాకే ఆ ఇంట్లో అందరం మామూలుగా మాట్లాడుకున్నాం.

కనిపించకుండా పోయిన డిస్క్

డిస్క్ బాగుంటే బోర్డు దాన్ని ఎందుకు చూడలేదు? జవాబు బోర్డు మాన్యువల్లోనే ఉంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్ గుచ్చే ఎం.2 స్లాట్లు ఈ బోర్డులో రెండున్నాయి. రెండో స్లాట్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెడితే 5, 6 నంబర్ల సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. రెండింటికీ దారి ఒకటే కాబట్టి ఒకదానికి ఇస్తే రెండోదానికి మిగలదు. మొదటి స్లాట్ గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుగ్గా ఉండటంతో అబ్బాయి రెండోది ఎంచుకున్నాడు. హార్డ్‌డిస్క్ మొదటినుంచీ 5వ పోర్టుకే ఉంది.

కేబుల్‌ను 1వ పోర్టుకు మారిస్తే సరిపోయేది. కానీ నేను ఎస్‌ఎస్‌డీనే మొదటి స్లాట్‌కు మార్చాను. రెండో స్లాట్ చిప్‌సెట్‌కు కలుస్తుంది, బీ450 చిప్‌సెట్ నుంచి వచ్చే దారులు పీసీఐఈ 2.0 (బోర్డు మీద డేటా నడిచే దారుల పాత తరం) వేగానివి. మొదటి స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కు కలుస్తుంది, అక్కడ పీసీఐఈ 3.0 నాలుగు లేన్లు దొరుకుతాయి. రెండో స్లాట్‌లో ఉంటే సెకనుకు 3,500 ఎంబీ చదవగల డ్రైవ్ అందులో సగం వేగమైనా అందుకోదు. డ్రైవ్ చెడ్డదని అనిపించదు, పనిచేస్తూనే ఉంటుంది, అందుకే ఇలాంటివి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియవు.

ఇందులో అబ్బాయి తప్పేమీ లేదని నేను వాళ్ల నాన్న ముందే చెప్పాను. మాన్యువల్లో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం అది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లే చాలామంది చూడరు.

మానిటర్ సంగతి చిన్నది. పాత మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌నే కొత్తదానికీ వాడారు. 4కేను 60 హెర్ట్జ్‌లో పూర్తి రంగులతో పంపాలంటే సెకనుకు 18 గిగాబిట్లు మోయగల కేబుల్ కావాలి. పాత తరం కేబుల్ అంత మోయలేక స్క్రీన్ నల్లబడి వస్తుంటే, ఎవరో సెట్టింగ్స్‌లో 30 హెర్ట్జ్‌కు తగ్గించి వదిలేశారు. మానిటర్ పెట్టెలోనే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉంది, కవరు కూడా విప్పలేదు. అది పెట్టాక మౌస్ సరిగ్గా కదిలింది.

రీస్టార్ట్‌లు: నేను పొరబడిన చోటు

ఇక్కడ నా ఆలోచన ఎలా నడిచిందో దాచకుండా చెప్పాలి. ఆర్‌టీఎక్స్ 3060 సుమారు 170 వాట్లు తీసుకుంటుంది. పాత కార్డు 120 వాట్లది. కొత్త కార్డుకు కనీసం 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారీదారే సూచిస్తాడు. ఇక్కడున్నది 450, అదీ ఆరేళ్లు వాడినది. రీస్టార్ట్‌లు ఎక్కువగా వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తున్నప్పుడే వస్తున్నాయని ఆయన చెప్పారు. విండోస్ లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నట్టు అనిపించి, నా దగ్గర పరీక్షకు ఉంచుకునే 650 వాట్ల సప్లై పెట్టి వచ్చేశాను.

రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు ఉదయం, బ్రౌజర్‌లో ఏదో చదువుతుండగా మళ్లీ రీస్టార్ట్ అయింది.

నా తర్కంలో రెండు లోపాలున్నాయి. మొదటిది, 41 అనే నంబర్ 'పవర్' అన్న పేరుతో ఉన్నా, పవర్ సప్లై చెడిందని దాని అర్థం కాదు. విండోస్ పద్ధతిగా మూతపడకుండా మళ్లీ మొదలైందని మాత్రమే అది చెబుతుంది. ఏ కారణంతో పడిపోయినా అదే నంబర్ వస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, నేను ముందే అనుకున్న కారణానికి సాక్ష్యంగా వాడుకున్నాను. రెండోది, వచ్చేది నిజంగా కరెంటు తెగినట్టు ఆగడమా, లేక బ్లూ స్క్రీన్ (తీవ్రమైన లోపం వచ్చినప్పుడు విండోస్ చూపే నీలం తెర) వచ్చి క్షణంలో రీస్టార్ట్ కావడమా అని తేల్చుకోలేదు. విండోస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆన్‌లో ఉంటే ఆ నీలం తెర కనిపించీ కనిపించకుండా పోతుంది.

ఆ సెట్టింగ్ ఆపేసి ఎదురుచూశాం. ఈసారి నీలం తెర నిలిచింది, దాని మీద కోడ్ ఉంది. పడిపోయిన ప్రతిసారీ విండోస్ దాచే పాత డంప్ ఫైళ్లు తెరిచి చూస్తే మూడుసార్లకు మూడు వేర్వేరు కోడ్లు. ఒకటి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకటి పేజ్ ఫాల్ట్, ఇంకొకటి ఒక డ్రైవర్ పేరు మీద. ఒక డ్రైవర్ చెడితే సాధారణంగా అదే కోడ్ మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ ఒక కొత్త నేరస్థుడు దొరుకుతున్నాడంటే ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌ను.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం రాత్రంతా నడిపాం. మొదటి రెండు విడతలు శుభ్రం. మూడో విడతలో తప్పులు. ఒక్క విడతతో ఆపి ఉంటే ర్యామ్ బాగుందని రాసుకుని వెళ్లిపోయేవాణ్ని.

తర్వాత పాత జత ఒక్కటే పెట్టి నాలుగు విడతలు నడిపాను, తప్పుల్లేవు. కొత్త జత ఒక్కటే పెడితే, 3200 వేగంలో కూడా తప్పుల్లేవు. నాలుగూ కలిపితేనే తేడా. అంటే ఏ స్టిక్కూ పాడవలేదు. రైజెన్ 2000 సిరీస్ ప్రాసెసర్లకు అధికారికంగా చెప్పిన గరిష్ఠ ర్యామ్ వేగం 2933. అదీ స్టిక్కులు తక్కువగా ఉన్నప్పుడు. నాలుగు స్లాట్లూ నింపితే మెమరీ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది, హామీ ఇచ్చే వేగం తగ్గుతుంది. ఇక్కడ పాత జత 3000, కొత్తది 3200, టైమింగ్‌లు వేరు. పైగా ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగానికి ఎక్కించే సెట్టింగ్) ఆన్ చేసి నాలుగింటినీ 3200కు ఎక్కించారు.

మూడు దారులు కనిపించాయి. కొత్త జత తీసేసి 16 జీబీతో సరిపెట్టుకోవడం, నాలుగూ తీసి ఒకే కిట్‌గా వచ్చే 16 జీబీ స్టిక్కులు రెండు కొనడం, లేదా ఉన్న నాలుగింటినే తక్కువ వేగంలో నడపడం. ఎడిటింగ్ చేస్తుండగా టాస్క్ మేనేజర్ చూశాను. మెమరీ 22 జీబీ దాటుతోంది. కాబట్టి 16తో సరిపెట్టమనడం కుదరదు. ఎడిటింగ్‌లో మెమరీ చాలకపోతే పడే దెబ్బ ముందు, వేగం కాస్త తగ్గడం వల్ల పడే దెబ్బ చాలా చిన్నది. ఇంకో కొనుగోలు చెప్పడం నాకు ఇష్టం లేదు. 2666కు దించి నాలుగు విడతలు నడిపాను, ఒక్క తప్పూ రాలేదు.

ఆ తర్వాత 650 వాట్ల సప్లై తీసేసి పాత 450 వాట్లదే తిరిగి పెట్టాను. పెట్టకపోతే ఏది నయం చేసిందో ఎప్పటికీ తేలదు. దాంతోనే కంప్యూటర్ నిలబడింది. సప్లైకి ఆరేళ్లు నిండాయి, కార్డుకు సూచించిన దానికన్నా తక్కువది, కాబట్టి వీలు చూసుకుని మార్చుకోమని చెప్పాను. రీస్టార్ట్‌లకు మందు మాత్రం అది కాదని కూడా చెప్పాను. ఈ రెండు మాటలూ విడివిడిగా చెప్పడం అవసరమని నా నమ్మకం.

అసలు ఇబ్బంది

ఇంతా చేశాక, ఎనిమిదో రోజున, టైమ్‌లైన్ తెరిచి ప్లే నొక్కాం. ఆగి ఆగి నడిచింది. ముందెలా ఉందో అలాగే.

ఆయన ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఫిర్యాదుకన్నా ఎక్కువ బాధ కలిగించింది. ఎందుకంటే నేను చేసిందంతా అప్‌గ్రేడ్ వల్ల వచ్చిన గొడవలను సర్దడమే. ఆయన మొదట దేనికోసం బయలుదేరారో దాన్ని నేను ఇంకా ముట్టనే లేదు.

మర్నాడు కంప్యూటర్ తెరవకుండా ఒక కాగితం ఇచ్చాను. "గత ఏడాదిలో మీ ఇంట్లోకి వచ్చిన ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువూ, వచ్చిన నెలతో సహా రాయండి. కంప్యూటర్‌వే కాదు, అన్నీ." బిల్లులు, ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటూ తండ్రీకొడుకులు రాశారు. ఇయర్‌ఫోన్లు, రౌటర్, ట్యాబ్లెట్. మధ్యలో ఒక కెమెరా.

"కెమెరా ఎప్పుడు కొన్నారండీ?"

"ఏడు నెలలైంది. బ్రహ్మాండంగా పనిచేస్తోంది, దాంట్లో ఏ సమస్యా లేదు."

"మరి టైమ్‌లైన్ ఆగడం ఎప్పటినుంచి?"

ఆయన అబ్బాయి వైపు చూశారు. "అప్పటినుంచే నాన్నా," అన్నాడు అబ్బాయి.

పాత కెమెరాతో తీసిన ఒక పాఠం, కొత్త కెమెరాతో తీసినది ఒకటి పక్కపక్కన పెట్టి ప్లే చేశాం. పాతది నీళ్లలా సాగింది. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు వీడియో డీకోడ్ (కుదించిన వీడియోను విప్పే పని) గ్రాఫ్ పైకి లేచింది, ప్రాసెసర్ ఖాళీగా ఉంది. కొత్తది ప్లే చేస్తే డీకోడ్ గ్రాఫ్ సున్నా దగ్గరే పడుకుంది, ప్రాసెసర్ పూర్తిగా నిండిపోయింది.

ఫైల్ వివరాలు చూస్తే హెచ్‌ఈవీసీ (వీడియోను కుదించే ఒక పద్ధతి), 10 బిట్ (రంగుల మెట్లు ఎక్కువ), 4:2:2. పాత కెమెరాది హెచ్.264 (అంతకన్నా పాత కుదింపు పద్ధతి), 8 బిట్, 4:2:0. ఈ అంకెల అర్థం చెప్పాలి. వీడియోలో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది. రంగు సమాచారాన్ని మాత్రం తగ్గించి దాస్తారు. 4:2:2లో అడ్డంగా సగానికి తగ్గిస్తారు. 4:2:0లో అడ్డంగానూ నిలువుగానూ సగానికి, అంటే నాలుగో వంతుకు. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ కార్డుల్లోని డీకోడర్ హెచ్‌ఈవీసీ 4:2:0ను 10 బిట్‌లో కూడా సునాయాసంగా విప్పుతుంది. 4:2:2ను విప్పదు. అప్పుడా భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 2018లో వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసర్‌కు 4కే 4:2:2 విప్పడం మోయలేని పని.

డిస్క్ లెక్క కూడా వేసి చూపించాను. ఆ వీడియో సెకనుకు 200 మెగాబిట్లది. ఎనిమిదితో భాగిస్తే 25 మెగాబైట్లు. పాత హార్డ్‌డిస్క్ సెకనుకు 100 మెగాబైట్ల పైన చదువుతుంది. అంటే ఈ ఇబ్బందికి డిస్క్ ఎప్పుడూ కారణం కాదు. ఈ భాగహారం కొనకముందు చేసి ఉంటే ఎస్‌ఎస్‌డీ మీద ఆశ పెట్టుకునేవారు కాదు. ఆయనకు మనసు నొప్పించకుండా ఇది చెప్పడానికి కొంచెం తంటాలు పడ్డాను. ఎస్‌ఎస్‌డీ వృథా కాలేదు, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం, ప్రాజెక్టులు లోడ్ కావడం బాగా మెరుగయ్యాయి. కార్డు వల్ల ఎక్స్‌పోర్ట్, ఎఫెక్టులు వేగంగా అవుతున్నాయి. అడిగిన పనికి మాత్రం అవి పనికిరాలేదు.

ఏం చేశాం

4:2:2ను హార్డ్‌వేర్‌లో విప్పే ప్రాసెసర్లు, కార్డులు ఉన్నాయి. ఇంటెల్ 11వ తరం నుంచి క్విక్ సింక్‌లోనూ (ఇంటెల్ ప్రాసెసర్లలోనే ఉండే వీడియో విప్పే భాగం), ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లోనూ ఆ సామర్థ్యం ఉంది. కానీ అది కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ లేదా మళ్లీ కొత్త కార్డు. అంతకన్నా ముందు, ఆయనకు 4:2:2 నిజంగా కావాలా అని అడిగాను.

రంగులను బాగా మార్చేవాళ్లకు, ఆకుపచ్చ తెర ముందు తీసి నేపథ్యం తీసేసేవాళ్లకు 4:2:2 మేలు చేస్తుంది, అంచులు శుభ్రంగా తెగుతాయి. ఈయన పాఠాల్లో ఎక్కువభాగం గోడ ముందు, బోర్డు ముందు నిలబడి చెప్పేవే. ఆకుపచ్చ తెర నెలకు ఒకటి రెండుసార్లు. కాబట్టి మామూలు పాఠాలకు కెమెరాను 4:2:0కు మార్చాం. రెండూ తీసి మానిటర్‌లో పక్కపక్కన పెట్టి తేడా చెప్పమన్నాను. చెప్పలేకపోయారు. ఆ పరీక్ష ఆయన కళ్లతో ఆయనే చేయడం ముఖ్యం, లేకపోతే నాణ్యత తగ్గించానన్న అనుమానం ఎప్పటికీ పోదు.

ఇప్పటికే తీసిన ఏడు నెలల ఫైళ్లకు, ఆకుపచ్చ తెర పాఠాలకు ప్రాక్సీలు. అంటే చిన్న సైజులో, తేలిగ్గా విప్పుకునే కోడెక్‌లో (కుదింపు పద్ధతిలో) నకళ్లు తయారుచేసి, ఎడిటింగ్ వాటి మీద చేసి, చివరి ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్లతో చేయడం. హెచ్‌ఈవీసీలో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. మధ్యలో ఒక చోటికి దూకితే, ఆ ఒక్క ఫ్రేము చూపించడానికి వెనకున్నవి కూడా విప్పాలి. ప్రోరెస్ ప్రాక్సీ, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ లాంటి వాటిలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రం. ఫైల్ బరువు పెరుగుతుంది, విప్పే శ్రమ తగ్గుతుంది. ఆ ప్రాక్సీలను కొత్త ఎస్‌ఎస్‌డీలో పెట్టాం, దానికి సరిగ్గా తగిన పని దొరికింది. రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే ఉదయానికి తయారవుతున్నాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన టైమ్‌లైన్‌లో బాణాన్ని ముందుకీ వెనక్కీ లాగుతూ చాలాసేపు అలాగే కూర్చున్నారు.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరి ఇంటికి వెళ్లినా మొదట ఆ కాగితమే ఇస్తున్నాను. కంప్యూటర్‌లో ఏముందో నేనే చూసుకోగలను. ఏ వస్తువు ఏ నెలలో వచ్చిందో ఇంట్లోవాళ్లకే తెలుసు. వాళ్లు కెమెరాను, ఫోన్‌ను కంప్యూటర్ సమస్యలో భాగం అనుకోరు కాబట్టి అడగకపోతే చెప్పరు. ఫోన్‌లో వీడియో సెట్టింగ్ మారడం వల్ల కూడా ఇలాంటి గొడవే వస్తుందని ఆ తర్వాత ఇంకో ఇంట్లో చూశాను.

పార్టులన్నీ ఒకేసారి బిగించడం గురించి నా అభిప్రాయం ఇంతకుముందు అంత గట్టిగా ఉండేది కాదు. ఈ కేసు తర్వాత మారింది. ఒక పార్టు వేసి రెండు రోజులు వాడి, తర్వాత రెండోది వేసి ఉంటే, డిస్క్ మాయమవడం ఎస్‌ఎస్‌డీ వేసిన గంటలోనే తెలిసేది. రీస్టార్ట్‌లు ర్యామ్ వేసిన వారంలోనే దొరికేవి. క్యాబినెట్ నాలుగుసార్లు విప్పడం శ్రమే. కానీ ఆ అబ్బాయి డిస్క్ పాడుచేశానేమోనని అన్ని రోజులు టెన్షన్ పడటంతో పోలిస్తే అది శ్రమే కాదు.

మూడు నెలల తర్వాత చూడటానికి వెళ్లాను. రీస్టార్ట్ ఒక్కటీ లేదు. పవర్ సప్లై మార్చుకున్నారు. అబ్బాయి క్యాబినెట్ లోపలి వైపు ఒక కాగితం అంటించాడు. ఏ పోర్టులో ఏది ఉందో, ర్యామ్ ఏ వేగంలో ఉందో, ఏ తేదీన ఏం మార్చారో అందులో రాసి ఉంది. పాత హార్డ్‌డిస్క్ స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) చూస్తే, మొదటిరోజు 8గా ఉన్న రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై, బదులు వేరేవి వాడుతున్న చోట్లు) 24 అయ్యాయి. ఆ అంకెను తేదీ వేసి అదే కాగితం మీద రాశాం. పాఠాలను కొత్త డిస్క్‌కు మార్చే పని ఆ సాయంత్రమే మొదలుపెట్టాం.